మౌనం ఎవరి సొత్తు?

మన సంఘం సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రుడొకడు అడిగినప్పుడు "కథా, కవితా?" అన్నాను. "కవితలు ఇప్పటికే కుప్పలు పడినాయి. దసరా సెలవుల్లో మఠానికి పోయి కూర్చొనొచ్చావు గదా, అది రాయి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులో మూడర్థాలున్నవి. వీడు మతం మారినాడేమో అన్నది ఒకటి. వీడు బతుకుకు భయపడి పారిపోయినాడేమో అన్నది రెండోది. సైన్సు చదివేవాడికి ఈ పిచ్చేమిటన్నది మూడోది. మూడింటికీ నిలబడి జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. పాఠక మిత్రులు ఓపికతో చదవగలరు.

ముందుగా నా సంగతి చెప్పుకోవటం న్యాయం. మాది తోటపల్లి గూడూరు. సేద్యగాళ్ళ కుటుంబం. పెన్నా నీళ్ళు పారే చివరి కయ్యలు మావి. అక్కణ్ణించి తూర్పుకు పోతే బకింగ్‌హాం కాలువ, దాన్ని దాటితే సముద్రం. మా తాత వరి తప్ప వేరే పంట ఎరుగడు. 1990 తర్వాత మా తీరంలో కయ్యలన్నీ రొయ్యల గుంటలవుతూ వచ్చినవి. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరినో ముంచింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింతర్వాత మళ్ళీ ఆశ పుట్టింది. మా నాయన కూడా రెండెకరాలు గుంట తవ్వించి, అప్పు తెచ్చి పిల్ల వదిలినాడు. రెండు పంటలు దక్కినాయి. మూడోది నలభై రోజులకే పోయింది. రాత్రంతా ఏరేటర్లు తిరిగినా, తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు. ఆ ఏడే మా అక్క చదువు ఇంటరుతో నిలిచిపోయింది. "తమ్ముడు చదువుకోనీ, ఇద్దరికీ యాడ తెస్తారు" అని ఆమే అన్నది.

అట్లా మిగిలిన డబ్బుతో చదువుతున్న నేను నాలుగో సెమిస్టరులో రెండు పేపర్లు తప్పాను. అందులో ఒకటి జన్యుశాస్త్రం. ఇంట్లో మాత్రం అన్నీ పాసయినాయని చెప్పాను. ఒక అబద్ధం చెప్పిన తర్వాత దానికి కాపలా కాయటం పెద్ద పని. ఫోను మోగితే గుండె దడ. ఇంటికి పోవాలంటే ఏదో ఒక వంక. రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు చదువు లేదు. హాస్టలు గదిలో నాతో ఉండే మిత్రుడు కథోలికుడు. అతడు నా వాలకం చూసి, "సెలవుల్లో మూడు దినాలు నాతో రా. ఎవ్వరూ ఏమీ అడగరు" అన్నాడు. దీనిని వాళ్ళు వడకం అంటారు. పనులన్నీ ఆపి, ఏకాంతంలో, మౌనంగా, ప్రార్థనలో కొన్ని రోజులు గడపటమన్నమాట.

ఇంట్లో చెబితే మా అమ్మ అడిగిన మొదటి మాట: "మతంలో కలుపుకుంటారేమో గదరా అబ్బయ్యా?"

ఈ మాట అన్నది ఎవరు? మొహర్రం వస్తే నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయి, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి నా కోసం చదువు రొట్టె పట్టుకొని వచ్చే మనిషి. గొలగమూడి వెంకయ్యస్వామికి మొక్కుకొనే మనిషి. కోడూరు తీరానికి పోయినప్పుడు వేళాంగణి మాతకు కొవ్వొత్తి వెలిగించే మనిషి. దేవుళ్ళ దగ్గర ఆమెకు భేదం లేదు. మనుషుల దగ్గరే అనుమానం. మన పల్లెల్లో ఇంచుమించు అందరి సంగతీ ఇంతే. తప్పు ఆమెది కూడా కాదు. అటూ ఇటూ ఆ అనుమానం పెంచి బతికేవాళ్ళు ఎక్కువైనారు.

సరే, పోయినాం. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. ఆ మఠం పేరు ఇక్కడ రాయను. వాళ్ళకు పేరు మీద మోజు లేదు. ఏడెనిమిది మంది మఠవాసులు, కొన్ని ఆవులు, మామిడితోట, కూరగాయల మళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి గంట. చీకట్లో కూర్చొని కీర్తనలు పాడతారు. తర్వాత మౌనం. తర్వాత పని. మధ్యాహ్నం మళ్ళీ ప్రార్థన, మళ్ళీ పని. రాత్రి చివరి ప్రార్థన అయిన తర్వాత పొద్దున దాకా ఎవ్వరూ నోరు తెరవరు. ఆరో శతాబ్దంలో ఇటలీ దేశంలో బెనెడిక్టు అనే సన్యాసి మఠాల కోసం ఒక నియమావళి రాసిపెట్టినాడు. దినానికి ఇన్ని వేళల ప్రార్థన, ఇంతసేపు చేతిపని, ఇంతసేపు చదువు అని అందులో ఏర్పాటు చేసినాడు. సోమరితనం ఆత్మకు శత్రువని ఆయన మతం. వచ్చిన అతిథిని క్రీస్తునే ఆదరించినట్టు ఆదరించాలని కూడా అందులో ఉన్నది. పదిహేను వందల ఏళ్ళుగా ఆ నియమం నడుస్తున్నది.

మొదటి దినం నాకు నరకం. ఫోను వాళ్ళ బీరువాలో ఉన్నది. మాట్లాడటానికి లేదు. మౌనంగా కూర్చుంటే మనసుకు శాంతి వస్తుందని చెప్పేవాళ్ళెవరో గాని, నాకు మాత్రం గట్టు తెగిన గుంట మాదిరి లోపలున్నదంతా బయటికి వచ్చింది. రెండో దినం నన్ను మామిడిచెట్లకు నీళ్ళు కట్టమన్నారు. పార పట్టుకొని పాదులు సర్దుతుంటే ముసలి మఠవాసి ఒకాయన చూసి, "నీవు రైతుబిడ్డవా?" అని సగం తమిళం సగం తెలుగులో అడిగినారు. అవునన్నాను. పని అయిన తర్వాత "అయ్యా, ప్రార్థన ఎట్లా చెయ్యాలి? నాకు మీ మంత్రాలు రావు" అన్నాను. ఆయన నవ్వి, "ముందు నీకు నువ్వు అబద్ధం చెప్పుకోకుండా అరగంట కూర్చో. తక్కిన సంగతి తర్వాత" అన్నారు. మూడు దినాల్లో నాకు దొరికిన ప్రసంగమంతా ఇంతే. బైబిలు చేతిలో పెట్టలేదు, పేరు మార్చుకోమనలేదు, మళ్ళీ రమ్మని కూడా అనలేదు.

ఇక మిత్రుల నవ్వులోని మొదటి ప్రశ్న: ఇది పరాయి సరుకా? కాదని నా వాదన. సాక్ష్యం మా ఇంటి దగ్గరే ఉన్నది.

1895లో గాంధీగారు దక్షిణాఫ్రికాలో యువ వకీలు. అప్పుడాయనకు ఇరవై అయిదేళ్ళు. నేటాలులో పైన్‌టౌన్ దగ్గర మేరియన్‌హిల్ అనే చోట ట్రాపిస్టు మఠవాసుల ఆశ్రమం ఉన్నది. 1882లో పెట్టింది. బెనెడిక్టు నియమాన్నే గట్టిగా పాటించే శాఖ వాళ్ళది. గాంధీగారు పోయి చూసినారు. మాంసం ముట్టరు, మౌనం పాటిస్తారు, వడ్రంగం, కమ్మరం, చెప్పుల పని అన్నీ తామే చేస్తారు, అక్కడి జూలూ జనానికి నేర్పుతారు. చూసివచ్చి లండనులోని శాకాహారుల పత్రికకు మెచ్చుకుంటూ వ్యాసం రాసినారు. తర్వాత 1910లో టాల్‌స్టాయ్ ఫారం పెట్టినప్పుడు ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఆ మఠానికే పోయి చెప్పులు కుట్టటం నేర్చుకొని వచ్చినాడు. అతని దగ్గర గాంధీగారు నేర్చుకున్నారు. పొద్దునా సాయంత్రం ప్రార్థన, మధ్యలో చేతిపని, అందరికీ ఒకే కూడు. ఈ పద్ధతే తర్వాత సబర్మతికి వచ్చింది. అక్కణ్ణించి 1921 ఏప్రిల్ 7న మా పక్కనున్న పల్లిపాడుకు వచ్చింది. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు పెన్నా ఒడ్డున పెట్టిన సత్యాగ్రహాశ్రమాన్ని ఆ రోజున గాంధీగారే వచ్చి ప్రారంభించినారు. పల్లిపాడు ఆశ్రమం ముందు ఫోటో దిగని నెల్లూరు విద్యార్థి ఉండడు. అందులో ఒక క్రైస్తవ మఠం చేతిపని కూడా కలిసి ఉన్నదని ఎందరికి తెలుసు?

ఇది ఒకవైపు రాకపోక కాదు. 1950లో కావేరి ఒడ్డున కుళిత్తలై దగ్గర ఇద్దరు ఫ్రెంచి సన్యాసులు శాంతివనం అనే ఆశ్రమం పెట్టి, మన సన్యాసుల కాషాయమే కట్టినారు. 1958లో కేరళ కొండల మీద కురిశుమల ఆశ్రమం వెలసింది. దాన్ని స్థాపించిన ఫ్రాన్సిస్ ఆచార్యది బెల్జియం, తోడుగా వచ్చిన బీడ్ గ్రిఫిత్స్‌ది ఇంగ్లండు. వాళ్ళకు జీవనాధారం పాడిపశువులు. మౌనం మన దగ్గర వాళ్ళు నేర్చుకున్నారు. మౌనంతో బాటు పార పట్టటం వాళ్ళ దగ్గర మనం నేర్చుకున్నాం. ఎవరికి ఎవరు బాకీ?

రెండో ప్రశ్న మా వామపక్ష మిత్రుడిది. "ప్రార్థన చేస్తే కాలువ తవ్వబడుతుందా?" అన్నాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒంగోలులో ఉన్నది.

1854 జనవరి 1. తెల్లవారకముందే అయిదుగురు మనుషులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కినారు. నెల్లూరు బాప్టిస్టు మిషనులో పనిచేసే లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మనవాళ్ళు ముగ్గురు. అప్పటికి నెల్లూరు మిషను ఎత్తేస్తారేమో అన్నంత దిగజారిన స్థితి. కింద ఊరు నిద్రపోతుంటే కొండమీద ఒక్కొక్కరు ప్రార్థన చేసినారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగినారు. ఆ మనిషి రావటానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరినాడు. ప్రార్థన ఫలించిందని విశ్వాసులంటారు. కార్యకారణ సంబంధం రుజువు కానిదే ఒప్పుకోరాదని నేర్చుకున్న విద్యార్థిని గనుక నేనట్లా అనలేను. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. 1876–78 కరువులో మన జిల్లాలు మాడిపోయినవి. క్లౌ అంతకు ముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, పస్తులున్న జనానికి కూలి ఇప్పించినాడు. కూటి కోసం మతంలో కలిసినారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అంతా అయిన తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినానే 2,222 మందికి ఇచ్చినారు.

అదే కాలువ మా తీరం వెంబడి కూడా పోతున్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఎగదన్నిన నీటిని చాలాచోట్ల ఈ కాలువ తనలోకి తీసుకొని లోపలి ఊళ్ళకు అడ్డు నిలిచిందని శాస్త్రజ్ఞులే రాసినారు. కాబట్టి మిత్రమా, ప్రార్థన చేస్తే కాలువ తవ్వబడదు. నిజమే. కాని ప్రార్థన చేసిన మనిషి కొండదిగి వచ్చి పార పట్టుకోవచ్చు. పట్టుకోకపోతే మాత్రం నీ ఎగతాళికి నేనూ వంత పాడతాను.

అక్కడే ఇంకొక మనిషిని తలుచుకోవాలి. తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగవాడు, తోళ్ళ బేరం చేసుకొని బతికినవాడు. గుడిలోకి రానివ్వని కాలంలో గురువును వెతుక్కొని రాజయోగం నేర్చి, కళ్ళు మూసుకొని ధ్యానం చేసేవాడు. 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా కాలినడకన తిరిగి ఒంగోలు ఉద్యమానికి ప్రాణం పోసినాడు. మిషనరీలు వచ్చి ఆయనకు ధ్యానం నేర్పలేదు. ఆయన మౌనం ఆయనతోనే వచ్చింది. మౌనం పెద్ద కులాలదీ కాదు, దొరలదీ కాదు అనటానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మూడో ప్రశ్న: సైన్సు విద్యార్థికి మఠమెందుకు? మూడో దినం సాయంత్రం ఆ మఠం అరుగు మీద కూర్చొని ఉండగా నాకు తటాలున ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. నేను తప్పిన పేపరు జన్యుశాస్త్రం. ఆ శాస్త్రం పుట్టింది ఎక్కడ? మఠం తోటలో! గ్రెగర్ మెండెల్ రైతు కొడుకు. 1822లో పుట్టినాడు. ఆయన చదువుకోసం చెల్లెలు తన కట్నంలో భాగం వదులుకున్నది. 1843లో బ్రూన్ పట్నంలోని అగస్టీను మఠంలో చేరినాడు. పంతులు ఉద్యోగానికి 1850లో పరీక్ష రాసి తప్పినాడు. 1856లో మళ్ళీ పోయి, మళ్ళీ వట్టిచేతులతోనే వచ్చినాడు. ఆ ఏడే బటానీ మొక్కలతో మొదలుపెట్టి ఎనిమిదేళ్ళలో 28 వేల దాకా మొక్కలు పెంచి లెక్కలు కట్టినాడు. 1866లో అచ్చువేస్తే లోకం పట్టించుకోలేదు. 1884లో పోయినాడు. 1900లో గాని ఆ పని విలువ బయటపడలేదు.

ఈ కథ నేను పరీక్షకు బట్టీ పట్టినదే. రెండు మార్కుల ప్రశ్న. పరీక్ష తప్పిన రైతు కొడుకని, చెల్లెలి కట్నం మీద చదివినవాడని మాత్రం పట్టించుకోలేదు. మా అక్క ముఖం కళ్ళముందు కదిలింది. మెండెల్ తన చెల్లెలి కొడుకుల చదువుకు సాయం చేసి ఆ బాకీ తీర్చుకున్నాడు. మరి నేను?

అందరినీ మఠాలకు పరుగెత్తమని నేను చెప్పటం లేదు. ప్రార్థన పేరుతో జరిగే అన్యాయాలు నాకు తెలియనివి కావు. మా వైపే ఒక పెద్దమనిషికి, ప్రార్థన చాలు మాత్రలు వద్దని చెప్పి చక్కెర జబ్బు ముదరబెట్టినారు. అది ప్రార్థన కాదు, నేరం. అన్ని మతాల్లోనూ ఆ రకం వాళ్ళున్నారు. మైకు పెట్టి ఊరంతా నిద్రలేకుండా చేసే భక్తి కూడా నాకు గిట్టదు. మనసు బాగాలేక ప్రాణం మీదికి తెచ్చుకొనే స్థితిలో ఉన్న మిత్రుణ్ణి మూడు దినాలు మౌనంగా కూర్చోమనటం కూడా పొరపాటే. అతణ్ణి ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మౌనం మందు కాదు. అది అద్దం వంటిది. ముఖాన మసి ఉంటే చూపిస్తుంది. కడుక్కోవలసింది మనమే.

మఠం నుంచి తిరిగివచ్చిన నాడు నేరుగా గుంట దగ్గరికి పోయినాను. మా నాయన గట్టు మీద మేత బస్తా విప్పుతున్నాడు. ఉన్న సంగతంతా చెప్పినాను. రెండు పేపర్లు పోయినాయని, ఆరు నెలలుగా అబద్ధం చెబుతున్నానని. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్తా మూతి మళ్ళీ కట్టి, "రొయ్య పోయినప్పుడు నేనూ మీ అమ్మకు మూడు దినాలు చెప్పలేదురా" అన్నాడు. ఆ తర్వాత, "మళ్ళీ రాసేదానికి ఎంత కట్టాల?" అన్నాడు. అంతే. అక్క మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది కూడా మౌనమే. మఠంలో మౌనం కంటే అది భరించటం కష్టమైంది.

రాసిన రెండింటిలో ఒకటి పాసయినాను. జన్యుశాస్త్రం మిగిలే ఉన్నది. ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి ఆ పరీక్ష కూడా రాసి ఉంటాను. ఈ ఏడు అక్క దూరవిద్యలో డిగ్రీకి కట్టింది. మొదటి ఫీజు, నేను సెలవుల్లో వేరేవాళ్ళ గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండి సంపాదించినది. ఏరేటర్ల చప్పుడులో కూర్చొని కూడా మౌనంగా ఉండవచ్చునని అప్పుడే తెలిసింది.

చివరగా మన విద్యార్థి సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి: కళాశాలలో వాడకం లేని గదులున్నవి. అందులో ఒకదాన్ని ఊడ్చి, నాలుగు చాపలు వేసి, మౌనం గదిగా ఉంచండి. ఏ దేవుడి పటమూ వద్దు, ఏ నాయకుడి పటమూ వద్దు. ఫోను గుమ్మం బయట. నమాజు చేసుకొనేవాడు చేసుకుంటాడు, జపం చేసేవాడు చేస్తాడు, దేవుడే లేడనేవాడు ఊరికే కూర్చుంటాడు. ఖర్చు చాపలకే. రెండు: హాస్టళ్ళలో రాత్రి ఒక గంట నిశ్శబ్దం పాటిద్దాం. ఎన్నికల్లో మనం చేసే వాగ్దానాలలో ఇంత చౌకది మరొకటి లేదు.

నాకు దేవుడున్నాడో లేడో ఇప్పటికీ నిశ్చయంగా తెలియదు. కాని వడకానికి పోయొచ్చినవాణ్ణి, తిరుమల పోయొచ్చినవాణ్ణి, దర్గాకు పోయొచ్చినవాణ్ణి, ఎవరినైనా సరే మనం అడగదగిన ప్రశ్న ఒక్కటే అనిపిస్తున్నది. "ఏ దేవుణ్ణి మొక్కినావు?" అని కాదు. "వచ్చింతర్వాత ఏం సరిదిద్దుకున్నావు?" అని. ఆ ప్రశ్నకు జవాబున్నవాడు ఏ మఠానికి పోయినా మనకు నష్టం లేదు.

— తృతీయ సంవత్సరం, బి.యస్సి.,
తోటపల్లి గూడూరు